పిన్ని కొట్టేసిన దేశాలు

“ఇక్కడికీ ఒంటరి ఆడవాళ్లను రానివ్వరట పిన్నీ,” అన్నాను, ఫోనులో లేనిది చదువుతూ.

ఇంగ్లీషు రాని పిన్ని కుట్టుమిషన్ ఆపి, గోడమీది ప్రపంచపటంలో ఆ దేశాన్ని సుద్దతో కొట్టేసింది. అది పదకొండోది. ఆమె వెళ్లిపోతే నాతో మాట్లాడేవాళ్లే ఉండరని నా భయం.

“ఒక్కదానివే ప్రపంచం చుట్టొస్తావా? పిచ్చి ముదిరింది!” వంటింట్లోంచి అమ్మ నవ్వింది.

ఎప్పుడూ గయ్యిమనే పిన్ని ఈసారి తలూపింది.

“నిజమేనక్కా. ఇన్నేళ్లూ నువ్వు చెబితే నమ్మలేదు. ఇది చదువుకున్న పిల్ల, దీనికి అబద్ధమాడాల్సిన పనేముంది?” అంటూ పటం మేకులు పీకబోయింది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

“ఉంచు పిన్నీ. మొదటి దేశం నుంచి మళ్లీ చదువుతాను. ఈసారి ఉన్నదున్నట్టు చదువుతాను.”