బోసి బండి

కారు తలుపు మీద డ్రిల్లు ఆనించిన మెకానిక్ ఆంజనప్ప, తిప్పకుండానే ఆగిపోయాడు.

"అక్కా, ఇట్ల చూడు. ఈడ ముందే బొక్కలుండాయి. ఎవరో సీసం పోసి మూసి, పైన రంగేసినారు."

నరసమ్మ వంగి చూసింది. నిజమే. నల్లటి తలుపు మీద వరసగా చుక్కలు. ఎండ వాలుగా పడితే తప్ప కంటికి ఆనవు.

"అంటే మా బండికి ఒగప్పుడు పట్టీలుండినాయా?"

"ఉండినాయి. ఎవరో ఊడబీకినారు."

"వాళ్ళ చేతులు పడిపోను!" అంది నరసమ్మ.

అనదా మరి? బంగారు గనులు సర్కారువైపోయి, తెల్లదొరలు ఒక్కొక్కరే ఓడలెక్కే రోజుల్లో వాళ్ళ కార్లు చేతులు మారాయి. రాబర్ట్‌సన్‌పేట టాక్సీ స్టాండులో అవన్నీ వరసగా నిలబడితే తిరణాలలా ఉండేది. ముక్కు మీద, నడుం మీద, చక్రాల మీద నికెల్ పట్టీలు తళతళ. నరసమ్మ పెనిమిటి ఎల్లప్ప కొన్న కారుకే ఆ సింగారం లేదు. ఏట్లో నానిన గుండ్రాయిలా నల్లగా, నున్నగా ఉండేది, అంతే.

పేటలో దానికి బోసి బండి అని పేరు. ఆసుపత్రికి పిలుస్తారు, కోర్టుకు పిలుస్తారు, పెళ్ళికి మాత్రం పిలవరు. బొట్టూ గాజులూ లేని బండిలో కొత్త పెళ్ళికూతుర్ని ఎవరు ఎక్కిస్తారు?

ఎన్నాళ్ళకో ఒక పెళ్ళి బాడుగ కుదిరింది. పట్టీలు కొట్టిస్తేనే అన్నారు పెళ్ళివాళ్ళు. తెల్లవారితే ముహూర్తం. ఇదొక్కటి సవ్యంగా జరిగితే బండికి ఆ పేరు పోతుందని నరసమ్మ ఆశ. పట్టీలు తేవడానికి ఎల్లప్ప బజారుకు పోయి ఉన్నాడు.

"ఏం పెట్టొద్దప్పా దానికి."

వీధిలో పోతున్న ముసలామె ఒకతె వచ్చి నిలబడింది. చంకలో గుడ్డసంచి. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు.

"ఎంత నున్నగా ఉండాదో చూడు. గని మట్టి పోసిన ఆ సైనైడు దిబ్బంతా దీంట్లోనే కనపడతా ఉండాది. నడుమ పట్టీ కొడితే దిబ్బ రెండు తునకలైపోదా?"

అంటూనే తలుపు మీద అరచెయ్యి ఆనించి, దూడ వీపు నిమిరినట్టు నిమిరింది.

ఆంజనప్ప తల వంచి చూశాడు. "అవునక్కోయ్! ఒళ్ళు బాగుంటే నగెందుకు అన్నట్టే ఉండాది."

నరసమ్మ గబుక్కున ముందుకొచ్చింది. తెల్లారి పెళ్ళికి పోవాల్సిన బండి!

"ఏమ్మా, చెయ్యి తియ్యి. యాడ నుంచి వచ్చినావు నువ్వు?"

"గౌనిపల్లి తల్లీ. ముందు ఈడే ఉండినాను. ఇంగ మళ్ళా వస్తానో రానో, ఊరు ఒగసారి చూసిపోదామని వచ్చినా. ఈ బండి అగుపడింది." ముసలామె నవ్వింది. "దీని పట్టీలు ఊడబీకింది నేనేమ్మా."

"ఓహో! దొంగతనం చేసిందీ కాక పుణ్యం చేసినట్టు చెప్పుకుంటావే!"

"దొంగతనం కాదు తల్లీ. ఆ దినం..."

"ఏ దినమైతే నాకేం? పెళ్ళిబండిని మైల చేసి పెడితివి. నడువు నడువు!"

ముసలామె చెయ్యి తీసేసింది. తన చెయ్యి పడిన చోట కొంగుతో తుడిచి, బస్టాండు దిక్కుగా నడిచింది.

నరసమ్మ పసుపునీళ్ళు కలిపి తలుపు మీద చల్లుతుంటే, భుజం మీద పట్టీల కట్టతో ఎల్లప్ప వచ్చాడు.

"ఏమ్మే, ఈ నీళ్ళేంది?"

"మన బండి పట్టీలు కాజేసిన దొంగది వచ్చింది. తనే చెప్పిందయ్యా, సిగ్గూ ఎగ్గూ లేకుండా. గౌనిపల్లంట."

ఎల్లప్ప భుజం మీది కట్ట జారి కింద పడింది.

"ఎట్లపోయింది?"

"బస్టాండుకు."

ఎల్లప్ప పరుగెత్తాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు.

"బస్సు పోయింది" అంటూ బండి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరయ్యా ఆమె?"

"దొరలుండేప్పుడు గనిలో రాయి పేలి నా కాలిరిగింది కదా. ఆ దినం ఆఫీసర్ల కార్లన్నీ గనిలోకి దిగే షాఫ్టు కాడికి వచ్చినాయి. దెబ్బలు తగిలినోళ్ళు శానామంది. కట్లకు బద్దలు చాల్లేదు. ఆసుపత్రి ఆయా ఒకామె, పక్కనుండే కారు పట్టీలు చేతుల్తో పెరికి, కొంగు చించి నా కాలికి కట్టిందంట. నాకు తెలివి లేదు. ఏ కారో తెలీదు. నేను లేచి తిరిగేలోపల ఆయమ్మ గౌనిపల్లికి ఎల్లిపోయింది."

ఆంజనప్ప డ్రిల్లు తీసి సంచిలో వేసుకున్నాడు. "పెళ్ళివాళ్ళు ఏమన్నా అనుకోనీన్నా. నేను కొట్టను."

నరసమ్మ పసుపునీళ్ళ చెంబు కింద పెట్టింది.

"నాకేం తెలుసయ్యా? బొట్టు లేని మనిషి చెయ్యి పడిందే అని బెదిరిపోయినా. పెళ్ళిబండి కదా."

ఎల్లప్ప ఆ తడి తలుపు వైపే చూస్తూ అన్నాడు.

"నా కాలికి కట్టు కట్టి లేచినాకనే ఆయమ్మకు చెప్పినారంట నరసమ్మా, పక్కన మొగం దాకా దుప్పటి కప్పింది ఆమె పెనిమిటికే అని."