మూడో చిల్లు

"గంటన్నరలో అయిపోవాలి మేస్త్రీ గారూ. అంతకుమించి నా దగ్గర టైము లేదు."

ఆమె సంచిలోంచి మొగుడి వాచీ తీసి వాచీల కొట్టు బల్ల మీద పెట్టింది. పెట్టాక కూడా దాని మీంచి చెయ్యి తియ్యలేదు. నల్లటి తోలు బెల్టు, అద్దంలా మెరిసే రకం. నాలుగేళ్ళ కిందట ఈ మేస్త్రీ చేతుల్లోనే తయారైంది.

"ఏమైందమ్మా, మెరుపు పోయిందా?"

"ఎందుకు పోతుంది? మీరు చెప్పినట్టే చూసుకుంటున్నా. స్పిరిట్ తగలనివ్వను, క్రీములు రాయను. నోటి ఆవిరి ఊది మెత్తటి గుడ్డతో తుడుస్తా, అంతే. దీన్ని పొట్టి చెయ్యాలి. ఒక చిల్లంత."

మేస్త్రీ కళ్ళజోడు సర్దుకున్నాడు. "దానికి బెల్టు కొయ్యడం దేనికి? నాలుగో చిల్లులో పెట్టుకుంటే సరిపోయె."

"అదే కూడదు. ఆయన మూడో చిల్లు దాటకూడదు."

చెప్పక తప్పింది కాదు. రోడ్డుకు అవతల ఆసుపత్రిలో ఆయన ఎడమ చేతికి సూది గుచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మందు ఎక్కడం పూర్తయ్యేదాకా వాచీ ఆమె దగ్గరే ఉంటుంది. వారానికొకటి చొప్పున మూడు నెలలుగా ఎక్కిస్తున్నారు, ఇంకా మూడు మిగిలాయి. రోజూ పొద్దున ఆమె వాచీ పెడుతుంటే ఆయన ఒకటే మాట అంటాడు: "మూడో చిల్లులో ఉన్నంతకాలం మనకి ఢోకా లేదు."

బరువు చూసే మిషన్ చెడిపోయిందని చెప్పి ఆమె అటకెక్కించేసింది. చొక్కాలు వదులైతే దొంగచాటుగా కుట్లు బిగించింది. ఒంటి మీద బట్ట నిలవకపోయినా బెల్టు మాత్రం మూడో చిల్లు దాటలేదు. మణికట్టు తగ్గలేదు కదా, ఎముకలో బలం ఉందిలే అని ఆమె కూడా దాన్నే నమ్ముకుంది. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, మూడు నెలలుగా ఆమెకి నిద్ర పడుతోందంటే ఆ చిల్లు చలవే.

ఈ పొద్దున మూడో చిల్లులో పెట్టగానే వాచీ జారి అరచేతి దాకా వచ్చింది. ఆమె చప్పున దాన్ని పైకి జరిపింది. "తోలు మెత్తబడినట్టుందండీ" అని బుకాయించింది. "అయ్యుంటుంది" అన్నాడాయన. ఆసుపత్రి దాకా ఆ చెయ్యి జేబులోంచి బయటికి తియ్యలేదు. చలేస్తోందేమో అనుకుంది.

"పక్క కుర్చీలో ఒకాయన కూర్చునేవాడు మేస్త్రీ గారూ. లిఫ్టులో అద్దం చూసుకుని 'ఇది నేనేనా' అన్నాడు. మరుసటి వారం నుంచి రావడం మానేశాడు. మనిషి ధైర్యం చెడితే మందేం చేస్తుంది? నాకు భయంగా ఉంది."

మేస్త్రీ వాచీ అందుకున్నాడు. "చిల్లులవైపు ముట్టుకోకూడదమ్మా. మెరుపు తోలు మీద పడిన మడత పోదు. మూడో చిల్లు దగ్గర గీత ఎలా ఉందో అలాగే ఉండాలి. బకిల్ ఉన్న చిన్న ముక్క విప్పి, వాచీ వైపు కొస లోపలికి మడిచి కుడతా."

సూది మొనతో రెండు కుట్లు ఊడదీసి ఆగిపోయాడు. ముక్కని దీపం కిందకి జరిపి చూశాడు. తర్వాత ఆమెకేసి చూశాడు.

"ఏమైంది? పాడైందా?"

"లేదమ్మా. దారం గట్టిగా ఉంది." సూది పక్కన పెట్టి, "ఆయనకి చెప్పేసి చేయించుకుంటే పోదా?" అన్నాడు.

"ఇంకేమన్నా ఉందా! అక్కడికక్కడే కుప్పకూలిపోతారు. ఆయన సంగతి మీకు తెలీదు. సాయంత్రాలు ఒక్కరే నడకకి వెళ్తారు. ఎప్పుడైనా ఇటొస్తే మీరు మాత్రం నోరు జారకండి."

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే అలవాటు నాకు లేదమ్మా."

కుట్టు అయింది. అంచుకి నల్లరంగు, దాని మీద మెరుపు పూత. ఆరాలి. గోడ నిండా గడియారాలే; ఏ రెండూ ఒకే టైము చూపించడం లేదు. ఆమెకి మాత్రం అన్నీ ఆలస్యమైందనే చెబుతున్నాయి.

"కాస్త వేడి గాలి పెట్టండి."

"పెడితే పూతకి బుడగలొస్తాయి. అప్పుడు గుడ్డివాడికీ తెలిసిపోతుంది. కూర్చోండి."

కూర్చోలేకపోయింది. పూత ఆరాక మేస్త్రీ పొడిగుడ్డతో తుడిచి ఇచ్చాడు. "ఇవాళంతా చెమట తగలనివ్వకండి." ఆ మాట వింటూనే ఆమె రోడ్డు దాటేసింది.

నర్సు సూది తీసి దూది అద్దుతోంది. ఆయన చెయ్యి చాచాడు. చూపు మాత్రం మణికట్టు మీద లేదు, ఆమె మొహం మీద ఉంది. బకిల్ ముల్లు రెండుసార్లు తప్పి, మూడోసారి దిగింది. వాచీ కదల్లేదు.

"మూడోదేనండీ" అంది.

ఆయన అప్పుడు తల వంచి చూశాడు. చెయ్యి తిప్పి, వాచీ పక్కనున్న కుట్టు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. తెలిసిపోయిందా? ఇప్పుడేం చెప్పాలి?

"బాగా తుడిచావు. కొత్తదానిలా ఉంది" అన్నాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు ఆయనకి కనబడకుండా కిటికీ వైపు తిరిగింది. బతికాం అనుకుంది.

కిందటి నెల ఇదే మేస్త్రీ దగ్గర ఆ బెల్టుని మొదటిసారి పొట్టి చేయించింది ఆయనే.