అందరూ దాటేదాకా

మా కాలనీ మైదానంలో మనుషులు దాటేదాకా కుక్కల్ని పక్కన కూర్చోబెట్టాలన్న నియమం నేను గొడవపడి పెట్టించిందే. కుక్కంటే నాకు హడల్.

ఆ రాత్రి డ్యూటీ దిగి ఆ మైదానం గుండా ఒంటరిగా వస్తున్నాను. రోజూ కనిపించే పెద్దాయన తన నల్లకుక్కను దీపం కింద కూర్చోబెట్టి, గొలుసు బిగించి పట్టుకున్నాడు. నేను దాటాను. గొలుసు చప్పుడు మాత్రం వినిపించలేదు. తిరిగి చూస్తే కుక్క ఇంకా కూర్చునే ఉంది.

"నేను దాటేశాగా బాబాయ్ గారూ, ఇంక వెళ్ళండి."

"మీరు దాటారమ్మా. మీ వెనకాల వచ్చే ఆవిణ్ణి కూడా దాటనివ్వండి."

దారి ఖాళీగా ఉంది. కుక్క చూపు ఆ ఖాళీ వెంబడే మెల్లగా కదిలి వచ్చి, నా భుజం పక్కన ఆగింది.

అప్పుడు గలగలమంది గొలుసు.

"పదరా, ఇద్దరూ దాటేశారు," అన్నాడాయన.

కుక్కని తీసుకెళ్ళొద్దని అరుస్తూ, ఆ కుక్క వెనకే పరుగెత్తాను.