కాలువ అవతలి వీధి

గీత మళ్ళీ జరిగింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కంప్యూటర్ మీదికి వంగారు. నిన్న సాయంత్రం నగరం దక్షిణపు హద్దు మురుగుకాలువ వెంట బుద్ధిగా ఉంది. ఇప్పుడు కాలువ దాటి, అవతలి వీధినంతా ఒళ్ళో వేసుకుని, తుప్పల్లోకి పోయింది.

"మళ్ళీ తూనీగేనా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఇంకెవరు? బొత్తిగా మాట వినని ఘటం."

ఇంటర్నెట్లోని ఆ మ్యాప్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. జీతం బత్తెం లేని పని. మాస్టారు బడిలో భూగోళం చెబుతారు, బడి వదిలాక ఈ మ్యాప్‌కి కాపలా కాస్తారు. నగరం హద్దు ఆయన గీసిందే. ప్రభుత్వ ఉత్తర్వు ముందు పెట్టుకుని, మలుపు మలుపూ సరిచూసుకుని మరీ గీశారు. తూనీగ అనే మారుపేరుతో ఎవరో దాన్ని జరపడం, ఆయన వెనక్కి లాగడం. కొన్నాళ్ళుగా ఇదే తంతు.

గీతను కాలువ దగ్గరికి లాక్కొచ్చి, కింద ఇలా రాశారు: "ఇళ్ళు ఎక్కడిదాకా ఉంటే హద్దు అక్కడిదాకా ఉండదు. ఉత్తర్వులో 'దక్షిణాన కాలువ' అని ఉంది. చట్టం ఎక్కడ ఆగితే గీతా అక్కడే ఆగాలి. జాలిపడి జరిపేది కాదిది."

తూనీగ గోల ఏమిటో ఆయన ఊహించలేకపోలేదు.

కిందటి వానాకాలం ఆ వీధిలో ఒకాయనకి గుండెనొప్పి వచ్చింది. భార్య నగర అంబులెన్సుకి ఫోన్ చేసింది. కంట్రోల్ రూములో ఆపరేటరు తెర మీద హద్దు చూసి, పక్క ఊరి బండికి చెప్పుకోమన్నారు. "మా గుమ్మంలోంచి చూస్తే మీ ఆస్పత్రి కనబడుతుందండీ" అని ఆవిడ ఎంతో బతిమాలింది. అవతల ఫోన్ పెట్టేశారు. పక్క ఊరి బండి వచ్చేసరికి మనిషి లేడు.

విచారణ జరిగింది. కంట్రోల్ రూము తెర మీది హద్దు ఈ మ్యాప్‌లోంచి తీసుకున్నదే. మాస్టారుకి ఫోన్ చేసి అడిగారు. గీతలో వెంట్రుకవాసి తేడా లేదన్నారాయన. గీత సరైనదే కనక ఆపరేటరు తప్పేమీ లేదని తేల్చి, ఫైలు మూసేశారు.

"ఎవరో కడుపు మండిన మనిషయి ఉంటుంది," అంది భార్య. "పోనిద్దురూ, ఒక్క వీధేగా."

"ఇవాళ ఒక్క వీధంటావు. రేపు ఇంకొకడొచ్చి నదినే జరుపుతాడు."

మర్నాడు తూనీగ నుంచి జవాబొచ్చింది. ఈసారి వాదన లేదు, ఒక ఫొటో. తుప్పల మధ్య నాచు పట్టిన రాతి తూము. "ఉత్తర్వు నాటి కాలువ ఇది. మీరు చూస్తున్నది ఆ తర్వాత, రోడ్డు వేసినప్పుడు తవ్వింది. ఒక్కసారి వచ్చి చూడండి."

మాస్టారు ఉత్తర్వు బయటికి తీసి తేదీ చూసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళారు. వీధి చివర ఒకమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతులనిండా ముళ్ళు గీరుకున్న గాట్లు.

"తూనీగ?"

అమ్మాయి తలూపి తుప్పల్లోకి దారి తీసింది. పూడిపోయిన కాలువ వీధి వెనకగా సాగిపోతోంది. తూము మీద చెక్కిన సంవత్సరం ఉత్తర్వు కంటే పాతది. ఇవతలి కాలువ వంతెన మీది ఫలకం ఉత్తర్వు కంటే కొత్తది. అనుమానానికి తావే లేదు. వీధి మొదట్నుంచీ నగరంలోనే ఉంది. లేనిదల్లా ఆయన గీసిన గీతలో.

ఆయన తూము మీద కూలబడ్డారు. ఫోన్ తీసి, మ్యాప్ తెరిచి, వేలు ఆపారు.

"ఇది జరిపితే ఏమవుతుందో తెలుసా అమ్మా? ఆ ఫైలు మళ్ళీ తెరుస్తారు. అంత బతిమాలినా బండి ఎందుకు పంపలేదని ఆ ఆపరేటర్ని నిలదీస్తారు. ఉద్యోగం ఊడుతుంది. జైలుకి పంపినా పంపుతారు."

"తెలుసండీ."

"తప్పు గీత గీసింది నేను. దాన్ని నమ్మిన పాపానికి ఆ మనిషి బతుకు బుగ్గి చెయ్యాలా? ఎందుకమ్మా నీకంత కక్ష?"

అమ్మాయి తల దించుకుంది. "జరపండి మాస్టారూ."

ఆయన జరిపారు. వేలికొసంత కదలిక. వీధి ఊళ్ళోకి వచ్చేసింది.

ఇద్దరూ వీధిలోకి వచ్చేసరికి ఒక పెద్దావిడ బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏం కొలుస్తున్నారు బాబూ?"

"మీ వీధి నగరంలోదేనమ్మా," అన్నారు మాస్టారు. "ఇప్పుడు కాదు, మొదట్నుంచీ."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే ఆరోజు మా ఆయన కోసం మీ బండి రావలసిందేనా?"

మాస్టారు అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా. మీవాళ్ళేగా."

"మావాళ్ళేమిటి? ఈ పిల్లని నేనెప్పుడూ చూళ్ళేదు," అందావిడ.

అమ్మాయి ఒక్క అడుగు ముందుకి వేసింది. "రావలసిందేనమ్మా," అంది మెల్లగా. "వచ్చుంటే బతికేవారు."

పెద్దావిడ బకెట్టు కింద పెట్టింది. అమ్మాయి కళ్ళలోకి కాదు, పెదవులకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఈ గొంతు నేను చచ్చినా మర్చిపోను, ఆరోజు ఫోన్లో 'మీ వీధి మా పరిధిలోకి రాదమ్మా' అన్నది నువ్వే!"