సదస్సుకు వెళ్లిన నా ప్రతిరూపం

నర్సుల సదస్సులకు ఇప్పుడెవరూ స్వయంగా వెళ్లరు. తమ జ్ఞాపకాలు నింపిన ప్రతిరూపాలను పంపుతారు. నాది మూడు రోజులు హైదరాబాదులో తిరిగింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావలసిన పాయింట్లు నాకు వచ్చాయి. అది పంపిన నివేదికను మాత్రం నేను తెరవలేదు.

అది తిరిగొచ్చిన పన్నెండో రోజున జూనియర్ నర్సు కరుణకుమారి అడిగింది: "సిస్టర్, మన వార్డులో మంచాన పడి ఉన్న సన్నెమ్మగారి వీపు పుండు మానట్లేదు. సదస్సులో ఏమైనా చెప్పారా?"

"చూసి చెప్తాను," అన్నాను.

నివేదిక తెరిస్తే మొదటి పుటలోనే జవాబు ఉంది. ప్రతి స్టాలు దగ్గరా నా ప్రతిరూపం సన్నెమ్మ గురించే అడిగింది. ఏ పరుపు వేయాలో, ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పాలో తెలుసుకుంది.

వెళ్లి ఆమెను తిప్పి చూశాను. పుండు ఎముక దాకా దిగింది.

"నాకోసమని అంత దూరం ఎల్లొచ్చినావంట గదమ్మా, ఆ సిన్న నర్సమ్మ సెప్పింది," అంది సన్నెమ్మ.

కాదని చెప్పవలసిన నేను, తలవంచుకుని దుప్పటి సర్దాను.