ముందుగా జవాబిచ్చే పిల్ల

హేమశ్రీ ఒకేసారి నాలుగు పనులు చేయగలదు.

థర్మల్ కాలనీలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. వాళ్లమ్మ యంకమ్మ చెప్పని గడప లేదు మరి.

"లాప్‌టాపుల పాఠం ఇంటది, ఫోన్ల దోస్తులతోటి మాట్లాడ్తది, చేత్తోటి రికార్డు రాస్తది. చెవుల పాటలు గూడ! నాకైతే కూర మాడకుంట చూసుకునుడే అయితలేదు."

హేమశ్రీది రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది. లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేస్తే, ప్లాంటు ఉద్యోగుల తెలుగు సంఘం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఫిజిక్సు క్లాసు పెట్టించింది.

చెప్పేది శివరామకృష్ణయ్య అనే రిటైరైన లెక్చరరు. సింధనూరు వైపు మనిషి. ఉచితంగా చెప్పేవాడు. కెమెరా పెట్టడం చేతకాదు కాబట్టి పిల్లలకు ఆయన ఉత్త గొంతు. ఆ గొంతుకు తోడు దగ్గు.

హేమశ్రీ ఎడమ చెవిలో పాఠాన్ని బాగా తగ్గించి పెట్టుకునేది, కుడి చెవిలో పాటలు. ఎడమ చెవిలో గొంతు ఆగిందంటే ఆయన ఏదో అడిగాడన్నమాట. వెంటనే ఒక్క నొక్కు నొక్కేది. ముందే రాసి పెట్టుకున్న మాట వెళ్లిపోయేది.

"అర్థమైంది సార్."

తక్కినవాళ్లకు ఆ శ్రమ కూడా లేదు. క్లాసును మ్యూట్‌లో పెట్టుకుని, హేమశ్రీ జవాబు కనపడగానే అదే దించేవాళ్లు.

"ముసలాయనకు ఎట్ల తెలుస్తలేదే?" అని గ్రూపులో చంద్రిక అడిగింది.

"తెలిస్తే మాత్రం దగ్గుడు బంద్ చేస్తడా?" అంది హేమశ్రీ.

చంద్రిక ఆ దగ్గును రికార్డు చేసి రింగ్‌టోన్ పెట్టుకుంది. అందరూ పడీపడీ నవ్వారు.

ఒక సాయంత్రం హేమశ్రీ లూడోలో గెలుపు మీదుంది. రికార్డులో బొమ్మ సగమైంది.

ఎడమ చెవిలో గొంతు ఆగింది. నొక్కింది.

మళ్లీ కాస్త గొంతు, కాస్త దగ్గు. ఆగింది. నొక్కింది.

ఇంకాసేపటికి పైన దబ్బుమని చప్పుడైంది.

"పైనింట్ల ఏందో పడ్డట్టయిందే!" వంటింట్లోంచి కేకేసింది యంకమ్మ. "శివాజీ వాళ్లు ఊరికి పోయి ఆడనే చిక్కినరు. వాళ్ల మామ ఒక్కడే ఉన్నడంట. జర చూసి రాపో."

"క్లాసుల ఉన్ననమ్మా!"

చదువుకునే పిల్లను లేపకూడదని యంకమ్మ ఊరుకుంది. పొయ్యి మీద పప్పు వదిలి తనూ వెళ్లలేదు.

ఆ తర్వాత క్లాసులో గొంతే రాలేదు. పిల్లల ఆనందం పట్టశక్యం కాలేదు. లూడోలో హేమశ్రీయే గెలిచింది.

పొద్దున యంకమ్మ తలుపు తీసేసరికి సంఘం కార్యదర్శి అమరప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"శివరామకృష్ణయ్య సార్ పోయినరమ్మా."

వింటూనే హేమశ్రీ గ్రూపులో "ఓం శాంతి" పెట్టేసింది. వెనకే తక్కినవాళ్లూ దించారు.

"పానం బాగలేదు, నాల్గు దినాలు ఆపుండ్రి సార్ అని ఎంతో చెప్పిన," అన్నాడు అమరప్ప. "ఇనలే. 'ఒక పిల్ల అందరికన్నా ముందు జవాబిస్తోందండీ, ఆ పిల్ల కోసమన్నా పాఠాలు పూర్తిచెయ్యాలి' అన్నరు."

"మా హేమనే!" అంది యంకమ్మ. ఏడుపులో కూడా ఆమె మొహం వెలిగింది.

అమరప్ప ఆమెను చూడలేకపోయాడు.

"సార్ నిన్నటి క్లాసు బంద్ చెయ్యలే. రికార్డయింది. పొద్దుగాల ఇన్న. నువ్వు గూడ ఇను బిడ్డా."

మొదటిసారి హేమశ్రీ ఆయన గొంతును రెండు చెవులతోనూ విన్నది.

"పిల్లలూ... ఊపిరాడటం లేదు. లేవలేకపోతున్నాను. ఎవరైనా అంబులెన్సుకి ఫోను చెయ్యండమ్మా..."

కాసేపు దగ్గు.

"ఆఁ, అర్థమైందా? బతికించావు తల్లీ. ఇంకెవరికీ ఫోను చెయ్యను. ఆ ఓపికా లేదు."

హేమశ్రీ చేతిలో ఫోను టింగుటింగుమంటూనే ఉంది.

రికార్డింగులో ఊపిరి చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత గొంతు, బాగా దగ్గరగా:

"చెబితే నీకు మొహమాటమని ఇన్నాళ్లూ చెప్పలేదు గానీ హేమశ్రీ, నేను మీ పైనింట్లోనే ఉంటున్నానమ్మా, శివాజీ మామగారిని... తలుపు తీసే ఉంది, కంగారుపడకుండా మెల్లగా రా తల్లీ."