పంపు కొలత

టైలరు ఇంట్లో, మేడమీద హాల్లో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి ఉంది. దాని నీళ్లు గొట్టంలో కింది గదికి దిగి, శుభ్రపడి, పంపు తోస్తే మళ్లీ పైకెక్కుతాయి. పాత పంపు నీరసించిందని టైలరు కొత్తది తెచ్చాడు. కొలతంటే ప్రాణం పెట్టే మనిషి కదా, కింది గది నుంచి తొట్టి దాకా ఎత్తుని టేపుతో మూడుసార్లు కొలిచాడు. పంపు చిన్నదైతే నీళ్లు ఎక్కవు, పెద్దదైతే జోరుకి పగడాలు చిరుగుతాయి.

రాత్రి ఇల్లు సద్దుమణిగాక కింది గదిలో పాత పంపు ఊడదీశాడు. పైకి పోయే గొట్టం మూతి ఖాళీగా వేలాడింది. మెట్ల మీద తొట్టి నీలి వెలుగు కలలోలాగా అలలు అలలుగా కదులుతోంది.

పైనుంచి భార్య పిలిచింది. "ఏవండీ, కొత్త పంపు భలే ఉంది! చప్పుడే లేదు."

టైలరు ఒళ్లోకి చూసుకున్నాడు. కొత్త పంపు ఇంకా పెట్టెలోనే ఉంది.

"నీళ్లు వస్తున్నాయా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా! జోరే కాస్త ఎక్కువైంది. పగడాలు ఊగిపోతున్నాయి పాపం. కొంచెం తగ్గించండి."

అతను కదల్లేదు. చేతులు పెట్టె మీదే ఉన్నాయి.

"ఆఁ, చాలు చాలు," అంది ఆమె. "ఇప్పుడు సరిగ్గా సరిపోయింది."